ఖాళీ అడ్రసింగ్ ట్యాగ్ పెట్టి వదిలేయకండి

జావా వెబ్ సర్వీసులు రాసేవాళ్లందరికీ ఈ మాట. డిప్లాయ్‌మెంట్ ఫైలులో (సర్వీసును సర్వర్ మీద ఎలా నడపాలో చెప్పే సెట్టింగుల ఫైలు) ఒక ఖాళీ అడ్రసింగ్ ట్యాగ్ పెట్టేసి "అడ్రసింగ్ ఆన్ చేశాం" అని చేతులు దులుపుకుంటున్నారు. అడ్రసింగ్ అంటే మెసేజ్ ఎక్కడికి వెళ్లాలో, జవాబు ఎక్కడికి పోవాలో మెసేజ్ హెడర్లలోనే రాసే పద్ధతి. దయచేసి ఆ పని మానేయండి. అలాంటి ట్యాగే నాకు రెండు రోజులు నిద్ర లేకుండా చేసింది.

క్లయింట్ వాళ్లు ఫోన్ చేసి, రిక్వెస్ట్ పంపుతున్నాం కానీ జవాబు రావడం లేదన్నారు. మా లాగ్‌లో ప్రతి రిక్వెస్టుకూ 202 కనబడుతోంది, అంటే అందింది అని. డేటాబేస్‌లో రికార్డులు కూడా పడుతున్నాయి. ఎర్రర్ ఒక్కటీ లేదు. చివరికి సోప్ మెసేజ్ (వెబ్ సర్వీసులు ఇచ్చిపుచ్చుకునే ఎక్స్‌ఎంఎల్ సందేశం) మొత్తం బయటికి తీసి హెడర్లు ఒక్కొక్కటే చదివితే విషయం తెలిసింది. జవాబు ఎక్కడికి పంపాలో చెప్పే రిప్లైటూ హెడర్‌లో వాళ్ల సొంత నెట్‌వర్క్ దాటితే పనికిరాని ఒక మెషీన్ పేరు ఉంది. మా సర్వర్ దాన్ని నమ్మి, జవాబు ఇవ్వడానికి ఆ పేరుకు వేరే కనెక్షన్ తెరవబోయి ప్రతిసారీ విఫలమవుతోంది. ఆ సంగతి డీబగ్ లెవెల్లో మాత్రమే రాస్తోంది, ప్రొడక్షన్‌లో ఆ లెవెల్ ఆపేసి ఉంది.

ఈ అడ్రసింగ్‌కు ప్రమాణమైన డబ్ల్యూఎస్ అడ్రసింగ్ 1.0ని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ 2006 మేలో ఖరారు చేసింది. దాని ప్రకారం రిప్లైటూ లేకపోయినా, అందులో అనానిమస్ అడ్రస్ (వేరే చోటేదీ చెప్పని ఒక ప్రామాణిక అడ్రస్) ఉన్నా జవాబు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. వేరే అడ్రస్ ఉంటే అక్కడికి పోతుంది. ఇక ట్యాగ్ ఖాళీగా ఉంటే ఎనేబుల్డ్ ట్రూ, రిక్వైర్డ్ ఫాల్స్, రెస్పాన్సెస్ ఆల్ (జవాబు ఏ అడ్రసుకైనా పంపవచ్చు) అని అర్థం. ఆన్ చేస్తే హెడర్లు తప్పనిసరి అవుతాయని చాలామంది అనుకుంటారు. కావు. హెడర్లు లేని మెసేజ్‌ను కూడా మామూలుగా తీసుకుంటుంది. తప్పనిసరి కావాలంటే రిక్వైర్డ్‌ను ట్రూ చేయాలి.

నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం రెస్పాన్సెస్ ఆల్. జవాబు ఏ అడ్రసుకు పంపాలో బయటివాళ్లే చెబుతారు, మన సర్వర్ తన నెట్‌వర్క్ లోపలి నుంచి అక్కడికి పోస్ట్ చేస్తుంది. బయటి నుంచి ఎవరికీ అందని అంతర్గత సర్వర్ల తలుపు కూడా మన చేతే కొట్టించవచ్చన్నమాట. ఈ మాట ఎత్తితే "మాకు ఫైర్‌వాల్ ఉంది కదా" అంటారు. ఆ రిక్వెస్ట్ వెళ్లేది ఫైర్‌వాల్ లోపలి నుంచే కదండీ! జవాబులు వేరే చోటికి పంపాల్సిన అవసరం నిజంగా ఉంటే తప్ప రెస్పాన్సెస్‌కు అనానిమస్ అని రాసి పెట్టండి. అవసరం ఉంటే మాత్రం ఏ అడ్రసులకు పంపవచ్చో ఒక జాబితా పెట్టి, ముందు దాంతో సరిచూసుకోండి.

ఇదంతా కోడ్‌లో అనోటేషన్‌గానే (@ గుర్తుతో కోడ్‌లోనే రాసే సెట్టింగు) రాసేయవచ్చు కదా అంటారు. టెస్ట్‌లో ఒకలా, ప్రొడక్షన్‌లో ఒకలా కావాలంటే డిప్లాయ్‌మెంట్ ఫైలే సరైన చోటని నా అభిప్రాయం, కోడ్ మళ్లీ బిల్డ్ చేయాల్సిన పని ఉండదు. కానీ ఫైలులో రాసినది అనోటేషన్‌ను పక్కకు నెట్టేస్తుంది. కోడ్‌లో రిక్వైర్డ్ ట్రూ అని చూసి ధైర్యంగా ఉన్న మనిషికి, అవతల ఫైలులో ఫాల్స్ ఉందని ఎలా తెలుస్తుంది? అనోటేషన్ పైన ఒక్క వరుస కామెంట్ రాయండి. మూడు విలువలూ ఫైలులో విడివిడిగా రాయండి, డిఫాల్టే అయినా సరే.

మేం చివరికి అనానిమస్ అని మార్చి మళ్లీ డిప్లాయ్ చేశాం. ఆ వెంటనే క్లయింట్ వాళ్ల స్క్రీన్ మీద ఓన్లీ అనానిమస్ అడ్రస్ సపోర్టెడ్ అనే ఫాల్ట్, అంటే ఎర్రర్ జవాబు, కనబడింది. వాళ్లు కాన్ఫిగ్‌లోంచి ఆ మెషీన్ పేరు తీసేశారు, తర్వాతి రిక్వెస్టుకు జవాబు అదే కనెక్షన్ మీద వెళ్లింది.