సరిహద్దులో చనిపోదలచిన వారికి సవినయ మనవి

అయ్యా, అమ్మా! పోవడం ఎవరికీ తప్పదు. కాకపోతే ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో కాపురముంటున్న తెలుగువాళ్లు కాస్త ముందూ వెనకా చూసుకుని పోవాలని నా ప్రార్థన. బడి నుంచి రిటైరైన దగ్గర్నుంచి నాదిదే వ్యాపకం. పన్నెండో రోజు భోజనాలయ్యాక, ఇంకా విస్తళ్లు ఎత్తకముందే పిలుపొస్తుంది. "మాష్టారూ, ఓపాలి కాయితాలు సూడండి." పోయినవారి ఆత్మ సంగతి పంతులుగారిది, ఆస్తి సంగతి నాది. ఆత్మ పన్నెండు రోజుల్లో దారి చూసుకుంటుంది. ఆస్తి కదలదు, అదీ చిక్కు.

అన్నిటికన్నా ముందు పేరు. వెంకట్రావు అనుకుందాం, మా వైపు వీధికొకడు దొరుకుతాడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, మద్రాసు కింద ఉన్న మా నేలని అందులో కలిపినప్పుడు అతని తాతగారి ఇల్లు పర్లాకిమిడిలో ఇటు పడింది, మడి పాతపట్నం వైపు అటు పడింది. కాబట్టి ఆంధ్రా పాసుపుస్తకంలో అతను ఇంటిపేరు ముందు పెట్టుకుని దర్జాగా ఉన్నాడు. ఆధార్‌లో ఆ ఇంటిపేరు తోకకి పోయింది. ఒడియా పట్టాలోకి వచ్చేసరికి 'వ' కాస్తా 'భ' అయి, 'భెంకట రాఓ'గా తేలాడు. బతికినన్నాళ్లు ముగ్గురూ ఒకే కంచంలో తిన్నారు. పోయిన మర్నాడే వేరుపడ్డారు.

"వీళ్లలో పోయిందెవరు?" అని ఒక గుమస్తా నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మరణ ధ్రువపత్రం ఒక్కడికే ఉంది. మిగతా ఇద్దరూ రికార్డు ప్రకారం నిక్షేపంలా ఉన్నారు.

ఈ జబ్బుకి మందు అఫిడవిట్టు. పలానా పలానా పలానా పేర్లు గల ముగ్గురూ ఒక్కరేనని భార్య ప్రమాణం చెయ్యాలి. మొన్న ఒకావిడ చేత చేయించాను. నోటరీ గారు చదివి, నేను తెలుగు చేసి చెబుతున్నాను. వేలికి సిరా రాసుకుని కాగితం మీద పెట్టబోతూ ఆగి, నా మొహంలోకి చూసింది. "ఒక్కడితోటే నలభయ్యేళ్లు యేగలేక సచ్చినాను బాబూ, ముగ్గురేటి?" అంది. నోటరీ గారికి తెలుగు రాదు. ఏమంటోందని అడిగితే, ఒప్పుకుందని చెప్పాను.

ఎక్కడ పోవాలన్నది కూడా ఆలోచించుకోవాల్సిన విషయం. చావు ఎక్కడ జరిగితే అక్కడే, 21 రోజుల్లోగా నమోదు చెయ్యాలని చట్టం. మనకేమో ఒంట్లో బాగోలేకపోతే బరంపురం వెళ్లాలా, శ్రీకాకుళమా, విశాఖపట్నమా అని ఇంట్లో పంచాయితీ. ఏ ఆసుపత్రిలో మందు బాగా పనిచేస్తుందని అందరూ అడుగుతారు. ఏ ఆసుపత్రిలో పోతే కాగితం ఏ రాష్ట్రం నుంచి వస్తుందని ఒక్కడూ అడగడు. ఈ అశ్రద్ధ వల్లే దేశం వెనకబడింది.

వీలునామా రాద్దామనుకుంటున్నారా, సంతోషం. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. సాక్షులు మాత్రం ఇద్దరుండాలి. దయచేసి మీకన్నా చిన్నవాళ్లని పెట్టుకోండి. మా పెద్దలు గౌరవం కొద్దీ తమకన్నా పెద్దవారి చేతే సంతకం పెట్టిస్తారు. తీరా అవసరం పడేసరికి సాక్షులిద్దరూ రాసినాయన కన్నా ముందే వెళ్లి అక్కడ ఎదురుచూస్తుంటారు.

ప్రొబేటు, అంటే వీలునామా అసలైనదేనని కోర్టు వేసే ముద్ర, దాని దగ్గర మాత్రం చరిత్ర మన పక్షాన నిలబడింది. 1870 సెప్టెంబరు 1 నాటికి బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు ఏలుబడిలో ఉన్న నేలలో హిందువు రాసిన వీలునామాకి కోర్టు ప్రొబేటు ఉండాలని 1925 నాటి వారసత్వ చట్టం చెప్పేది, 2025లో ఆ నిబంధన తీసేశారు. కటకం, పూరీ ఆ లెక్కలోకి వచ్చేవి. మనం అప్పుడు మద్రాసు వాళ్లం, అందులోనూ ఆ నిబంధన పట్టిన మద్రాసు పట్నం కాదు. కనుక ఆ గొడవ మనకి అంటలేదు. ఈ ముక్క కటకం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు మేనేజరుకి ముప్పావుగంట చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "ఆ లెఫ్టినెంట్ గవర్నరు దగ్గర్నుంచి లెటర్ తెండి" అన్నాడు.

ఇక నామినీ. చిన్నకొడుకు పేరు బ్యాంకు పుస్తకంలో ఉంటుంది. అన్నదమ్ములు భోజనాల దగ్గరే చొక్కాలు పట్టుకుంటారు. నామినీ అంటే తోటి పెళ్లికొడుకు నాయనా! ముస్తాబై పల్లకీలో కూర్చుంటాడు కానీ తాళి కట్టడు. డబ్బు అందుకోవడం వరకే అతని పని, హక్కు వారసులందరిదీ అని సుప్రీంకోర్టు 1984లోనే బీమా డబ్బుకీ, 2010లో బ్యాంకు డబ్బుకీ చెప్పింది. కోర్టు ఇచ్చే వారసత్వ సర్టిఫికెట్టూ అంతే, రావలసిన డబ్బుకే తప్ప భూమికి పనికిరాదు. ఈ రెండు ముక్కలూ చెప్పిన ఇంట్లో నాకు రెండోసారి కాఫీ రాలేదు.

అన్నిటికన్నా సున్నితమైన ఘట్టం ఆడపడుచుది. తండ్రి స్వార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా అని 1956 నుంచీ, ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కని 2005 నుంచీ చట్టం ఉంది. మా వాళ్లు అంతకన్నా పాత పద్ధతి పాటిస్తారు. పన్నెండో రోజు అక్కగారికి బరంపురం పట్టుచీర పెడతారు. చీర మడత మీద పసుపూ కుంకుమా, మడత కింద హక్కు వదులుకునే దస్తావేజు. "అప్పా, ఇక్కడో సంతకం ఎట్టీ." చీర అయిదువేలు, నేల ముప్పై సెంట్లు. ఆవిడ చీర అంచు వేళ్లతో తడుముతూ, "జరీ బాగుందిరా" అని సంతకం పెట్టేస్తుంది. ఇంతమంది ఆడపడుచులకి ఒకే రోజు ఒకే రకంగా కళ్లజోడు కనబడకుండా పోవడం వైద్యశాస్త్రానికి అంతుపట్టని విషయం.

ఇన్ని ఇళ్లు చక్కబెట్టిన వాడివి, నీ ఇంటి సంగతేమిటని మీరు అడగొచ్చు. మా ఇంటి పట్టా ఇప్పటికీ నాన్నగారి పేరు మీదే ఉంది. ఆయన పోయి ముప్పయ్యేళ్లు దాటింది. పేరు మార్పించాలంటే బరంపురంలో ఉన్న మా అప్ప సంతకం కావాలి. దసరాకి వెళ్లినప్పుడల్లా చీర కొంటాను, ఇస్తాను, దస్తావేజు సంచిలోనే ఉంచి తిరిగొస్తాను. ఆవిడకి చూపు బాగా ఆనుతుంది.

ఈ ఏడు ఖజణా, అదే భూమి శిస్తు, రసీదు కూడా నాన్నగారి పేరు మీదే ఇచ్చారు. బకాయి ఏమీ లేదట.