ఆ ఊరికి పెరటాసి నెల ఏది?

పోయిన డిసెంబరులో తిరుపతికి వెళ్లినప్పుడు, బైరాగిపట్టెడలో మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తెరిచి నాయనకు ఆర్లాండో మ్యాపు చూపించాను. ఏప్రిల్‌లో అమ్మా నాయనా అట్లాంటాకు వస్తున్నారు, అందరం కలిసి డిస్నీ వరల్డ్‌కు పోదామని మా ఆలోచన. నాలుగు పార్కులు, ఏ రోజు ఏది, ఏ గంటకు ఏ రైడు, అంతా రంగురంగుల గళ్లలో వేసిన ప్లాను నా దగ్గర సిద్ధంగా ఉంది. నాయన అద్దాలు సర్దుకుని ఓపిగ్గా కిందిదాకా చూశాడు. చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఆ ఊరికి పెరటాసి నెల ఏదమ్మా?"

తిరుపతి వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నా. పెరటాసి తమిళుల నెల, సెప్టెంబరు మధ్యలో మొదలై అక్టోబరు మధ్య దాకా ఉంటుంది. ఆ నెలలో శనివారాలు వచ్చాయంటే తమిళనాడు నుంచి జనం కొండకు పోటెత్తుతారు. మా నాయన అలిపిరి డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైనాడు. పెరటాసి శనివారాలు, గరుడ సేవ, వైకుంఠ ఏకాదశి, జనవరి ఒకటి, ఎండాకాలం సెలవులు, ఏ రోజుకు ఎన్ని బస్సులు అదనంగా వెయ్యాలో కాగితం చూడకుండా చెప్పేవాడు. రద్దీ అంటే ఆయనకు కాలెండరులో తేదీ.

నా గళ్ల ప్లానులో ఆయన ప్రశ్నకు జవాబు లేదు. నేను ఏప్రిల్ మొదటి వారం అనుకున్నది పిల్లలకు స్ప్రింగ్ బ్రేక్ కాబట్టి. ఈస్టరుకు అటూ ఇటూ అమెరికాలో ఊరూరా బడులకు అవే సెలవులు. అంటే సరిగ్గా పెరటాసి మూడో శనివారం చూసి మరీ పెద్దవాళ్లను కొండకు తీసుకుపోతున్నానన్నమాట.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. ఇక్కడ అట్లాంటాలో మన తెలుగు సంఘంలో ఏటా ఎండాకాలానికి ఎంతోమంది అమ్మానాన్నలు వస్తారు, ఎంతోమందిమి వాళ్లను ఆర్లాండో తీసుకుపోతాం. ప్లాను వేసేటప్పుడు మాత్రం పిల్లల్ని అడుగుతాం, యూట్యూబును అడుగుతాం, ఆఫీసులో పోయొచ్చిన వాళ్లను అడుగుతాం. నడవాల్సిన వాళ్లను అడగం. వాళ్లకు కారెక్కేటప్పుడు చెప్తాం. వరసల గురించి, జనం గురించి, నొప్పిపెట్టే మోకాళ్ల గురించి మనందరికన్నా తెలిసినవాళ్లు వాళ్లే కదా!

నేనేమీ పుట్టుకతో తెలివైనదాన్ని కాదు. 2019 జులైలో మా అత్తమ్మ, మామయ్య చిత్తూరు నుంచి వచ్చినప్పుడు నాలుగు రోజుల్లో నాలుగు పార్కులు చూపించాం. గేటు తెరవకముందే వెళ్లి నిలబడటం, రాత్రి బాణసంచా అయ్యేదాకా కదలకపోవడం. పెట్టిన డబ్బు రాబట్టాలి మరి. ఆ పార్కుల్లో రోజుకు పది కిలోమీటర్లు నడవడం మామూలు సంగతి. అలిపిరి మెట్లదారి 9 కిలోమీటర్లు ఉంటుంది. ఇక్కడ 3,550 మెట్లు లేవు నిజమే, కానీ నెత్తిన ఫ్లోరిడా జులై ఎండ ఉంది. అరవై ఎనిమిదేళ్ల మనిషిని వరసగా నాలుగు రోజులు అలిపిరి నుంచి నడిచి ఎక్కమని ఎవరైనా అడుగుతారా? మేం అడిగాం, సెలవుల పేరు పెట్టి.

రెండో రోజుకే అత్తమ్మ పాదాలు వాచాయి. అక్కడినుంచి మేం పిల్లోడిని తీసుకుని రైడ్లు ఎక్కడం, ఏడాది నిండిన చిన్నదాన్నీ బ్యాగులనూ పెట్టుకుని ఆమె బెంచీ మీద కూర్చోవడం. చిన్న పిల్లలున్న వాళ్లకు అక్కడ రైడర్ స్విచ్ అని ఒక ఏర్పాటు ఉంది. ఒకరు బిడ్డ దగ్గరుంటే ఇంకొకరు ఎక్కి వస్తారు, తర్వాత ఈ ఉన్నవాళ్లు మళ్లీ పెద్ద వరసలో నిలబడకుండా ఎక్కొచ్చు. అది ఉందని మాకు తెలుసు. ఒక్కసారి కూడా వాడుకోలేదు. మాకు అత్తమ్మ ఉన్నారుగా.

మొన్న చిత్తూరులో ఆ ఫోటోలు మళ్లీ చూశాం. కోట ముందు అందరం నవ్వుతున్న ఫోటోలో అత్తమ్మ భుజాన డయపర్ల బ్యాగు, మోచేతి మీద చిన్నదాని స్వెట్టరు, చేతిలో ఎవరో సగం తాగిన నీళ్ల సీసా. ఆమె కెమెరా వైపు చూడటం లేదు, కోట వైపూ చూడటం లేదు. చిన్నది ఎటు పడుతుందోనని పక్కకు చూస్తున్నారు. చెప్పుల స్టాండు దగ్గర ఆమెను కూర్చోబెట్టి మేం దర్శనం చేసుకొచ్చినట్టుంది ఆ ఫోటో. మూడో రోజు మధ్యాహ్నం ఉరుములూ మెరుపులూ మొదలై బయటి రైడ్లన్నీ ఆపేశారు. ఒక అంగడి చూరు కింద గంటసేపు నిలబడ్డాం. మేం టైమంతా పోయిందని తిట్టుకుంటుంటే ఆమె గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు. ఆ నాలుగు రోజుల్లో ఎవరూ ఆమెను లెమ్మనని గంట అదొక్కటే అని నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

ఎట్లుంది అత్తమ్మా అంటే "బాగుండాది మా" అన్నారు. చిత్తూరులో చుట్టాలందరికీ అదే చెప్పారు. మళ్లీ రమ్మంటే మాత్రం "మీరే రండి మా" అంటున్నారు.

"ఒక్కసారి వస్తారు, మళ్లీ వస్తారో రారో, అన్నీ చూపించాలి కదా" అని మా ఆయన వాదన. మీలో చాలామందిదీ అదే అయ్యుంటుంది. నాకైతే ఆ 'అన్నీ' మన కోసమే అనిపిస్తుంది. ఇన్నేళ్లు దూరంగా ఉన్నామన్న బాధను నాలుగు రోజుల్లో తీర్చేసుకోవాలని మన ఆత్రం. ఆ బాకీ తీర్చడానికి వాళ్ల మోకాళ్లు ఎందుకు?

సరే, నాయన దగ్గరికి వస్తాను. మొదటి రాత్రి ప్రశ్నతో వదిలిపెట్టలేదు ఆయన. మరుసటి రోజు టీటీడీ డైరీ ఒకటి, పెన్సిలు తెచ్చుకుని కూర్చున్నాడు. ముందు టికెట్ల సంగతి. అక్కడ తేదీని బట్టి రేటు మారుతుందనీ, ఒక్క రోజుకు మనిషికి 120 డాలర్ల ప్రాంతం నుంచి రద్దీ రోజుల్లో 200 దాకా పోతుందనీ చెప్పాను. మూడేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. మూడు నుంచి తొమ్మిది దాకా పిల్లల రేటు, పది నిండితే పెద్దవాళ్ల రేటే. పదకొండేళ్ల మా పెద్దోడు ఆరోజే కొండ మీద తలనీలాలిచ్చి, గుండుకు చందనం పూసుకుని పక్కనే కూర్చుని ఉన్నాడు. నాయన వాడి గుండు నిమిరి, "కొండ మీద పన్నెండు లోపు పిల్లోళ్లకు మూడు వందల రూపాయల దర్శనం టికెట్టుకు కూడా లెక్క లేదు. వీడు ఆడ పెద్దమనిషా?" అన్నాడు. వాడు తెగ సంతోషపడ్డాడు.

తర్వాత లైట్నింగ్ లేన్ గురించి చెప్పాను. 1999లో ఫాస్ట్‌పాస్ అని మొదలుపెట్టి చాలా ఏళ్లు ఉచితంగా ఇచ్చారు. వరసలో నిలబడకుండా, ఫలానా టైముకు రమ్మని చీటీ ఇచ్చేవారు. 2013లో చేతికి పట్టీ కూడా పెట్టారు. 2021 నుంచి దానికి డబ్బు కట్టాలి. 2024లో మళ్లీ పేరు మార్చి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్, సింగిల్ పాస్ అంటున్నారు. వాళ్ల హోటళ్లలో దిగినవాళ్లు 7 రోజుల ముందు నుంచి, మిగతావాళ్లు 3 రోజుల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. నాయనకు ఇందులో ఒక్కటీ కొత్తగా అనిపించలేదు. "చేతికి పట్టీ వేసి టైము చెప్పేది మన సుదర్శనం టోకెనే కదా. డబ్బు కడితే తొందరగా పంపేది మూడు వందల టికెట్టు. సిఫార్సు లెటరు పెడితే పని జరుగుతుందా ఆడ?" అన్నాడు. లెటర్లు చెల్లవు గానీ, మనిషిని వెంట ఇచ్చి తిప్పే వీఐపీ టూరు ఉంది, గంటకు వందల డాలర్లు, కనీసం ఏడు గంటలకు తీసుకోవాలని చెప్తే పెన్సిలు కింద పెట్టేశాడు.

కొండనూ పార్కునూ ఒక గాటన కడుతున్నానని ఎవరూ అనుకోకండి. అక్కడున్నది స్వామి, ఇక్కడున్నది ఎలుక. కానీ వరస ఎక్కడైనా వరసే, నిలబడే కాళ్లు అవే కాళ్లు. పైగా కొండ మీద కంపార్ట్‌మెంట్లో కూర్చుంటే పాలూ ఉప్మా తెచ్చి ఇస్తారు. డబ్బు లేనివాడికి సర్వదర్శనం ఎప్పుడూ ఉంది.

నా ప్లానులో నాయన చేసిన పెద్ద మార్పు, నాలుగు పార్కుల్లో రెండు కొట్టెయ్యడం. ఎక్కువ రోజులకు తీసుకుంటే రోజు రేటు తగ్గుతూ పోతుంది, నాలుగో రోజు చవగ్గా పడుతుంది అని నేను గొణిగాను. "రెండు చీరలకు మూడోది ఫ్రీ అంటే మీ అమ్మ కూడా ఇట్లనే తెస్తుంది" అన్నాడు. నిజమే, మనమందరం పడిపోయేది అక్కడే. ఇప్పుడు లెక్క ఏమంటే, పిల్లల కోసం మ్యాజిక్ కింగ్‌డమ్, పెద్దవాళ్ల కోసం యానిమల్ కింగ్‌డమ్. మిగిలిన డబ్బులో కొంత ఆ రెండు రోజులకూ లైట్నింగ్ లేన్ కొనడానికి. కొట్టేసిన వాటిలో ఒకటైన ఎప్‌కాట్‌లో పదకొండు దేశాల మండపాలున్నాయి, మనది లేదు, కాబట్టి పోకపోయినా పౌరుషానికేం లోటు లేదు. యానిమల్ కింగ్‌డమ్‌లో మాత్రం ఆనందపూర్ అని మన దేశం పోలికలతో ఒక ఊరినే కల్పించి కట్టారు. పాడుబడ్డ రాజుగారి కోటలో పులులు తిరుగుతుంటాయి. ఓపెన్ ట్రక్కులో కూర్చుని జిరాఫీలనూ సింహాలనూ చూసే సఫారీ కూడా ఆ పార్కులోనే. ఎస్వీ జూలో సింహాల సఫారీకి మనవడిని ఎత్తుకుని పోయిన అమ్మకు అది నచ్చకుండా ఉండదు.

మధ్యలో ఒక రోజు టికెట్ లేని రోజు. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్లో సనా అని ఒక రెస్టారెంటు ఉంది. నాన్‌లూ రకరకాల చట్నీలూ పెడతారు, కిటికీలోంచి జిరాఫీలు కనిపిస్తాయి. అక్కడ తినడానికి పార్కు టికెట్ అక్కర్లేదు. మోనోరైలుకూ డబ్బు కట్టక్కర్లేదు. పెద్దవాళ్లకు ఆ రోజే బాగా గుర్తుంటుందని నా పందెం.

తిండి గురించి టెన్షన్ పడకండి. బయటి తిండి లోపలికి తీసుకుపోనిస్తారు, గాజు సామాను మాత్రం వద్దంటారు. పులిహోర స్టీలు డబ్బాలో పెట్టుకోండి, ఊరగాయ సీసా రూములో వదిలెయ్యండి. తాగడానికి చల్లటి నీళ్లు తిండి కౌంటర్ల దగ్గర అడిగితే ఊరికే ఇస్తారు, సీసా నీళ్లు కొనక్కర్లేదు.

తేదీ కూడా మారింది. ఈస్టరు సెలవులన్నీ అయిపోయాక, ఏప్రిల్ ఆఖరి వారం. పిల్లలు మూడు రోజులు బడి మానాలి. మానితే ఏమవుతుంది? గరుడ సేవకు మనం మానలేదా?

ఇదంతా అయ్యాక కూడా నాయన నా ఫోన్ వదల్లేదు. అందులో పార్కు యాప్ ఉంది, ఏ రైడుకు ఎన్ని నిమిషాల వరస ఉందో చూపిస్తుంది. తిరుపతిలో రాత్రి ఎనిమిదిన్నర అంటే అప్పట్లో ఆర్లాండోలో పొద్దున పది. పండుకునే ముందు ఒకసారి, తెల్లారి అయిదున్నరకు రేడియో పెట్టుకుని ఒకసారి చూసి డైరీలో రాసుకునేవాడు, డిపోలో బస్సుల టైములు రాసుకున్నట్టు. ఒక వారం గడిచాక పొద్దున మొదటి గంటా, రాత్రి ఆఖరి గంటా మేలని తేల్చాడు. "మరి మధ్యాహ్నం సంగతి? అప్పుడు నువ్వు నిద్రలో ఉంటావు కదా నాయనా" అన్నాను.

"ఆ టైముకు ఆడ కూడా నిద్రలోనే ఉంటాం. రూముకొచ్చి పండుకోవాల."

ఇక మిగిలింది అమ్మ. పెళ్లికి ముందూ తర్వాతా అలిపిరి దారిలో నిటారుగా ఉండే మోకాళ్ల మెట్టు ఎన్నిసార్లు ఎక్కిందో లెక్కలేదు, ఇప్పుడు మా మేడ మెట్లు ఎక్కడానికే గోడ పట్టుకుంటుంది. పార్కులో చక్రాల కుర్చీ అద్దెకు దొరుకుతుంది, చాలా వరసలు కుర్చీ పోయేటట్టే కట్టారు అని చెప్తే విననే లేదు. "నన్ను తోసుకుని పోయే కాలం ఇంకా రాలేదు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. నాయన కూడా ఆ విషయంలో నోరెత్తలేదు. నాలుగుసార్లు అడిగి నేనూ మానేశాను.

మేం తిరిగి వచ్చే రోజు, చెన్నై విమానాశ్రయానికి కారు వచ్చి గేటు ముందు ఆగింది. అమ్మ నిప్పట్ల డబ్బాకు టేపు చుడుతోంది. మా ఆయన సూట్‌కేసులు మోసుకుంటూ బయటికి వెళ్లేదాకా ఆగి, నా దగ్గరికి జరిగి మెల్లగా అంది.

"కుర్చీలో కూర్చుంటాలే. కానీ అల్లుడు తొయ్యకూడదు. నువ్వే తొయ్యాల."