మా వీధి బార్ మూతపడింది, నా పరువు పోయింది

ముందే చెప్తాండా, నేను తాగను. ఈ మాట ఇప్పుడు ఎవురికి చెప్పినా "సరేలేప్పా" అంటాండారు, ఆ "లే" కాడ సాగదీస్తారు చూడు, అదీ నాకు మండేది.

మా అనంతపురంలో, నడిమివంకకు ఇవతల, మా సందు మొదట్లో ఒక బార్ ఉండేది. ఆగస్టు 31తో పాత లైసెన్సులు అయిపోయినాయి, 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త పాలసీ. అప్లికేషన్ పెట్టడానికే 5 లక్షలు, లాటరీలో రాకపోతే అది గోవిందా, పైగా ఒక్కో బార్‌కి కనీసం 4 అప్లికేషన్లు పడితేగానీ లాటరీనే తీయరు, తగిలిందనుకో మా అంత ఊరికి ఏడాదికి 55 లక్షలు ఫీజు. అవతల చూస్తే షాపుల్లో 99 రూపాయలకు క్వార్టర్, పక్కనే కూర్చోని తాగేదానికి పర్మిట్ రూములు, ఇంగ బార్‌కి వచ్చి ఏసీ గాలికి డబ్బులు కట్టేది ఎవురు? ఓనరు లెక్కేసుకున్యాడు, షట్టర్ దించినాడు, పోతా పోతా బోర్డు గూడా విప్పుకోని పోయినాడు.

ఆ బోర్డే నా కొంప ముంచింది.

ఎందుకంటే మా ఇంటికి అడ్రస్ అంటే ఆ బోర్డే. డోర్ నంబర్ ఉంది, లేదనడంలా, అంకెలూ అడ్డగీతలూ బై ఏలూ అన్నీ ఉండాయి, కానీ మా పక్కింటి నంబర్‌కీ మా నంబర్‌కీ చుట్టరికమే లేదు, మా తర్వాతి నంబర్ ఇల్లు అవతల వీధిలో పిండిమిషన్ వెనక తేలుతుంది, ఎవురేసినారో ఏ ఎండలో ఏసినారో ఆ మహానుభావుడికే తెలియాల. అందుకే గ్యాస్ అబ్బాయికైనా, పెండ్లిపత్రిక ఇచ్చే బంధువులకైనా, ఆఖరికి సత్యనారాయణ వ్రతానికి వచ్చే అయ్యవారికైనా మేం చెప్పేది ఒకటే, "బార్ కాడ దిగి ఎడమకు తిరగండి సామీ".

ఆ పొద్దున మా ఆవిడ ఆర్డర్ పెట్టిన మిక్సీ జార్ వస్తాందని ఫోను. నేనేమో బొరుగుల ఉగ్గానికి ఎర్రగడ్డలు తరుగుతాండా, కండ్లల్లో నీళ్ళు ధారలు. డెలివరీ అబ్బాయి "అన్నా, బార్ యాడుందన్నా, కనపడ్లే" అని ఒకటే ఫోన్లు. ఉండు నాయనా నేనే ఆడ నిలబడతా అని చెప్పి, లుంగీ మీదనే, క్యాష్ ఆన్ డెలివరీ గదా అని చేతిలో ఐదొందల నోట్లు పట్టుకోని పరిగెత్తినా.

పోయి చూస్తే షట్టర్ ముందర చావింటి ముందర నిలబడినట్ల జనం. చికెన్ పకోడీ బండాయన నిజంగానే దిగులుగా ఉన్యాడు, ఆయప్ప యాపారమంతా బార్ మీదే. ఆర్టీసీలో రిటైరైన డ్రైవరన్న ఒకాయన, 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టినప్పుడు కర్ణాటకలోని బళ్ళారి సర్వీసు డ్యూటీ కోసం డిపోలో ఎట్ల కొట్టుకున్నారో, 1997లో సడలించినాక ఆ డ్యూటీని ఎట్ల ఎవురూ పలకరించలేదో చెప్తాండాడు. ఎదురింటి అక్క మాత్రం షట్టర్ ముందర కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప నా చేతిలో పెట్టి పోయింది. ఎందుకు తీసుకున్నానో అడగద్దు, ప్రసాదమంటే చెయ్యి దానంతటది చాస్తుంది.

అప్పుడొచ్చినాడు ఆ యూట్యూబ్ ఛానెల్ పిల్లోడు. మైకుకు ఎర్ర స్పాంజి తొడుగు, దాని మీద వాని మొగం కన్నా పెద్ద లోగో. అంతమంది అసలైన గిరాకీలు ఉన్యారా, వాళ్ళంతా కెమెరా చూడగానే పకోడీ బండి వెనక్కి జరిగినారు, అనుభవం అంటే అది. మిగిలింది నేను. లుంగీ, ఎర్రటి కండ్లు, ఒక చేతిలో నోట్లు, ఇంగో చేతిలో కొబ్బరి చిప్ప.

"చెప్పన్నా, ఎన్నేండ్ల నుంచి ఈడ?"

ఈడ అంటే ఈ వీధిలో అనుకుంటి నేను. మనిషన్నాక ఎవడైనా అట్లే అనుకుంటాడు. "ఇల్లు కట్టుకున్న కాడ్నుంచీ మాకు ఇదేప్పా" అంటి.

"మరి మూసేసినారు గదా, ఎట్లనిపిస్తాంది?"

"యాం చెప్పేది, దిక్కు తెలీకుండా పోయింది. ఒక్కడూ తిన్నగా ఇల్లు చేరలేకపోతాండాడు." నేను చెప్పేది డెలివరీ పిల్లోళ్ళ గురించి. డెలివరీ అనే మాట నా నోట్లోనే ఉండిపోయింది, ఎందుకంటే నేను మాట ముగించేలోపల వాడు ఇంగో ప్రశ్న తోస్తాడు.

"ప్రభుత్వానికి ఏం విజ్ఞప్తి చేస్తారన్నా?"

"కనీసం ఆ బోర్డైనా ఉంచుండాల్సిందిప్పా, దాన్ని చూసుకోనైనా బతికేవాళ్ళం" అంటి. ఇది చెప్తాంటే ఎర్రగడ్డ మంటకు ఎడమ కన్ను మల్లా కారింది, కొబ్బరి చిప్ప ఉన్న చేత్తోనే తుడుసుకున్యా. వాడు కెమెరా ఇంగా దగ్గరికి తెచ్చినాడు. వాని కండ్లల్లో ఆ సంతోషం చూసినప్పుడైనా నాకు వెలగాల్సింది.

"ఇంట్లో ఏమంటాండారన్నా?"

"పొద్దున్నుంచి తిడతానే ఉంది మా ఆవిడ." మిక్సీ జార్ రాలేదని తిడతాందనే సగం యాడ పోయిందో వాని ఎడిటింగ్‌కే తెలియాల.

అంతలోనే ఫోను. ఆ డెలివరీ అబ్బాయే, "అన్నా, ఎవుర్ని అడిగినా బార్ లేదంటాండారన్నా". ఇంగ నాకు ఓపిక పోయింది. ఎర్ర స్పాంజి గడ్డం కింద ఉందనేదే మర్చిపోయి గట్టిగా అరిసినా, "మూసేసినారు నాయనా, మూసేసినారు! అయినా నేను దాని ముందరే నిలబడుకోనుండా, చేతిలో డబ్బులు పట్టుకోని! నువ్వు తెచ్చేదాకా ఈడ్నుంచి కదలను!"

బండి వెనకాల ఎవురో చప్పట్లు కొట్టినారు.

సాయంత్రానికి వీడియో వచ్చింది. వెనకాల సన్నాయి. "మందు లేక కన్నీరు పెట్టుకున్న పెద్దాయన" అని పేరు. మందు సంగతి తర్వాత, నేను పెద్దాయనంట, నాకింకా నలబై ఐదు నిండలా. చివరి అరుపును మూడుసార్లు తిప్పి తిప్పి ఏసినాడు, మూడోసారి నిదానంగా. మా ఆఫీసు గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ కడతాండే మా బామ్మర్ది బెంగళూరు నుంచి పంపినాడు, మా పిల్లోని ట్యూషన్ సార్ దండం పెట్టే బొమ్మ ఒకటి పెట్టినాడు, దానికి అర్థమేందో నేను అడగలా.

ఆ పిల్లోనికి ఫోన్ చేసి, నాయనా నేను అడ్రస్ గురించి చెప్పినా, పూర్తిగా ఏయి, లేదంటే తీసేయి అంటి. "అన్నా బాగా పోతాందన్నా, తీసేస్తే పాపం తగుల్తాది, మీరు రెడీ అంటే పార్ట్ టూ చేద్దాం, ఈసారి వదినతో గూడా మాట్లాడిద్దాం" అంటాడు. మిక్సీ జార్ మాత్రం రాలేదు, "కస్టమర్ అందుబాటులో లేరు" అని వెనక్కి పోయింది. జిల్లాలో ఆ రోజు నాకన్నా అందుబాటులో ఉన్న కస్టమర్ ఎవుడప్పా?

రాత్రి తాడిపత్రి నుంచి మామ ఫోను. గొంతు మెత్తగా పెట్టినాడు, అప్పుడే భయమేసింది నాకు.

"ఏం కాదులే నాయనా. ఏకాదశికి బొమ్మనహాళ్ పక్కన ఉంతకల్లు పాండురంగస్వామి గుడికి పోదాం. మాల ఏసుకుంటే ఇంగ దాని జోలికే పోబుద్ధి కాదు."

"మామా, నేను తాగనే తాగను మామా!"

"నేనూ మొదట్లో అట్లే అంటి నాయనా" అన్యాడు.

లోపల మా ఆవిడ బ్యాగు సర్దుతాంది.