పెట్రోలు ట్యాంకు మోకాలి రబ్బరు గారికి

మహారాజశ్రీ పెట్రోలు ట్యాంకు మోకాలి రబ్బరు గారి దివ్యసముఖానికి నెల్లూరు నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం, మోటారు సైకిలు ట్యాంకుకి అటో ముక్క ఇటో ముక్క అంటించిన తమరిలో ఎడమ సగం తప్ప. నిన్న మిట్టమధ్యాహ్నం అది జిగురు వదిలేసి ఇంజను మీదికి వాలిపోయింది. దాని చాటున తమరు పెంచి పోషించిన తుప్పు, రూపాయి బిళ్ళంత, లోకానికి కనబడింది. ప్యాంటు జిప్పులూ బొత్తాలూ ట్యాంకు మీద గీతలు పెట్టకుండా చూడటమే తమరి ఉద్యోగమని చెప్పి అంటగట్టారు. కాపలా బ్రహ్మాండంగా కాశారు.

తమరి వంశ ప్రతిష్ఠ మాకు తెలియంది కాదు. 1955లో మద్రాసులో బుల్లెట్లు మొదలైనప్పుడూ, 1961లో మైసూరులో జావా మోటారు సైకిళ్ళు మొదలైనప్పుడూ తమ పెద్దలు ట్యాంకుకి అటూ ఇటూ కొలువుతీరే ఉన్నారు. వాళ్ళకి చేతినిండా పని. కింద స్ప్రింగుల సీటు దాని మానాన అది ఎగురుతుంటే, ట్యాంకుని మోకాళ్ళతో కరిచి పట్టుకోకపోతే బండి ఒక దారి, మనిషి ఒక దారి.

ఇప్పుడు ఆ పని లేదనీ అనను. లెక్క చూద్దాం. 70 కిలోల మనిషి గంటకు 60 కిలోమీటర్ల మీద పోతుండగా గేదె అడ్డమొచ్చింది. మంచి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పట్టుకుంటే బండి సుమారు 24 మీటర్లలో, మూడు సెకన్లలోపే ఆగుతుంది. ఆ కాసేపూ అతని ఒంటిని 42 కిలోల బలం ముందుకు నెడుతుంది. కొంత సీటు రాపిడి ఆపుతుంది, కొంత ఫుట్‌రెస్టు ఆపుతుంది. మిగిలింది మోకాళ్ళు ట్యాంకుని నొక్కి ఆపాలి. అవి ఆపకపోతే మణికట్లు ఆపాలి. మణికట్ల మీద బరువు పడితే చేతులు కర్రల్లా బిగుసుకుపోయి, హ్యాండిలు తిరగాల్సిన వైపు తిరగదు. నున్నటి పెయింటు మీద జీన్సు జారుతుంది, రబ్బరు మీద అంత తేలిగ్గా జారదు. ఇంతవరకూ తమరి తరఫునే వాదించానని మనవి.

ఇంతకీ తమరున్న చోట మోకాలేదీ?

యాక్సెసరీల కొట్లో తమరిని అతికించే వేడుక ఒకసారి తలుచుకోండి. బండి స్టాండు మీద ఉంటుంది. దానిమీద మనిషి ఉండడు. అతికించే కుర్రవాడు రెండడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి, ట్యాంకు మీది కంపెనీ పేరుకి తమరు సమంగా వచ్చారా లేదా చూస్తాడు. పేరు కింద సరిగ్గా మధ్యలో, ఫొటోలో అందంగా పడేచోట, నొక్కి పెడతాడు. బండి నడిపేవాడి ఎత్తెంతో అడగడు. ఐదడుగుల మూడంగుళాల వాడు కాళ్ళు నేలకి అందాలని సీటు ముందుకి జరుగుతాడు, వాడి మోకాలు తమరిని దాటి ముందుకెళ్ళిపోతుంది. ఆరడుగుల వాడు వెనక్కి జరుగుతాడు, వాడి మోకాలు తమరి దాకా రాదు. ఫుట్‌రెస్టులు ముందుకున్న క్రూజరు బండైతే మోకాళ్ళు చెరోవైపు గాలిలోనే ఉంటాయి. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడతారని జనం ఎగతాళి చేస్తారు గానీ, అది నయం. మోకాలి కోసమే పుట్టిన తమరిని మోకాలితో ముడిపెట్టినవాడు ఇంతవరకూ లేడు.

కంపెనీ నుంచే వచ్చే రబ్బర్లు కాస్త మేలు. వాటిని కనీసం ఎవరో ఒక మనిషి కొలతకి అచ్చు పోశారు. ఆ మనిషి మనం కాకపోవడం వేరే సంగతి.

నిజానికి తెలుసుకోవడానికి అర్ధరూపాయి ఖర్చు లేదు. మోకాలి లోపలివైపు ప్యాంటు మీద సుద్దముక్క దట్టంగా రుద్దాలి. ఇంకొకరు బండిని నిటారుగా పట్టుకోవాలి. ఎక్కి కూర్చుని, పాదం ముందుభాగం ఫుట్‌రెస్టు మీద పెట్టి, బ్రేకు పట్టినట్టు కాస్త ముందుకి వంగి, రెండు మోకాళ్ళతో ట్యాంకుని నొక్కి దిగాలి. సుద్ద ఎక్కడ అంటిందో అక్కడ తమరుండాలి. సగం మచ్చైనా తమరి మీద పడకపోతే తమరు ట్యాంకుకి పెట్టిన దిష్టిచుక్క, అంతే. కుడి మచ్చ, ఎడమ మచ్చ ఒకే ఎత్తులో రాకపోవచ్చు, ఎందుకంటే ఏ మనిషీ బండి మీద తూకం వేసినట్టు కూర్చోడు. అయినా తమరిని మాత్రం అద్దంలో ప్రతిబింబంలా అతికిస్తారు.

అసలు సుద్ద అంటనే అంటకపోతే? మన ఊళ్ళో అదీ ఉంది. ముందు ట్యాంకు మీద పిల్లవాడు కూర్చుంటాడు, తమరి పట్టంతా వాడి మడమలకి దక్కుతుంది. రెండు కాళ్ళ మధ్య బియ్యం మూట ఉంటే మోకాళ్ళు బారెడు దూరం పోతాయి. లుంగీ పైకి కట్టి ఎక్కేవాడికి రోహిణి కార్తె ఎండలో కాగిన నల్ల రబ్బరు తగిలితే, వాడు ట్యాంకుని కరిచిపట్టుకోవడం కాదు, కాళ్ళు రెండూ బార్లా చాపేస్తాడు. ఇక కొత్త పెయింటు పోతుందని ట్యాంకుకి రెగ్జిన్ కవరు తొడిగి, ఆ కవరు మీద తమరిని అంటించే మహానుభావులున్నారు. మోకాలిని తమరు పట్టుకుంటారు, తమరిని కవరు పట్టుకుంటుంది, ట్యాంకుని ఎవరూ పట్టుకోరు. బ్రేకు వేస్తే మనిషీ, తమరూ, కవరూ కలిసి ముందుకి ఊరేగింపు.

సూదుల్లాంటి మొటిమలున్న తమరి రేసింగు తమ్ముడి గురించి ఒక్క మాట. పట్టు నిజంగానే బాగుంటుంది. పలచటి కాటన్ ప్యాంటు మాత్రం మోకాలి దగ్గర నెలల్లోనే బొచ్చు లేస్తుంది. కార్బన్ ఫైబర్ గీతలు అచ్చేసిన స్టిక్కరు చెల్లెలి గురించి ఆ మాటా అక్కర్లేదు.

ఇప్పుడు తుప్పు సంగతి. పట్టు ఇవ్వకపోతే పొయ్యావు, ఉన్న పెయింటు తినేదేందయ్యా? చీమకుర్తి రోడ్డు మీద గ్రానైటు లారీల వెనక ఒక్కసారి పోయొస్తే చాలు, ఆ పొడి నీ అంచు కింద దూరి కూర్చుంటది. ఇంజను అదురుకి నువ్వు సన్నగా కదిలినప్పుడల్లా అది పెయింటుని ఎమరీ పేపరు మాదిరి అరగదీస్తది. మైపాడు, కృష్ణపట్నం వైపు బళ్ళకి దానికి తోడు ఉప్పుగాలి. బండి కడిగిన నీళ్ళు నీ పైఅంచులో దిగి లోపలే నిలబడతయ్. రేకు కనబడ్డ చోట తుప్పు మొదలవుద్ది. నువ్వు పైన కప్పి కూర్చుంటావు గదా, పొక్కు లేచేదాకా ఎవరికీ కనబడదు.

జిగురు ఎందుకు వదిలిందని అడిగితే ఎండ మీదికి నెడతావు. ఎండే కాదు, పెట్రోలు కూడా. నేల కింది ట్యాంకులో చల్లగా ఉన్న పెట్రోలుని మూత దాకా పోయించి ఎండలో నిలబెడితే అది ఉబ్బుతుంది. 13 లీటర్లకి 15 డిగ్రీలు వేడెక్కితే 180 మిల్లీలీటర్ల పైనే పెరుగుద్ది. చోటు చాలక మూత దగ్గర చెమర్చి నీ అంచు దాకా పాకుద్ది. జిగురు మెత్తబడుద్ది, మామూలు రబ్బరైతే ఉబ్బి అంచు పైకి లేస్తది. మూతికి రెండంగుళాలు ఖాళీ పెట్టమంటే వినేవాడు లేడు, అది నీ తప్పు కాదులే.

పీకేసి చెత్తలో వేద్దామంటే చెయ్యి రాని ఒకటే ఒక చోటుంది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాటు ఎక్కేటప్పుడు, గిద్దలూరు మీదుగా నల్లమలలో నంద్యాల వైపు మలుపులు తిరిగేటప్పుడు, ఎడమ మలుపులో కుడి మోకాలు, కుడి మలుపులో ఎడమ మోకాలు నీ మీద ఆనితే భుజాలు వదులవుతయ్, చేతులు హ్యాండిలుని వేలాడకుండా తిప్పుతయ్. దిగేటప్పుడు ఇంజను బ్రేకుకి ఒళ్ళు ముందుకి జారుతుంటే ఆపేది నువ్వే. గుంటల మీద ఫుట్‌రెస్టులెక్కి నిలబడ్డప్పుడు కూడా అంతే. నెల్లూరు ట్రంకు రోడ్డు ట్రాఫిక్కులో నిన్ను ఎన్ని తిట్టినా ఈ మాట కాదనలేను.

కాబట్టి ఇదీ ఒప్పందం. మిగిలిన కుడి సగాన్ని హెయిర్ డ్రయ్యరుతో వేడి చేసి, వెనకగా గాలం దారం పెట్టి రంపం కోసినట్టు కోసి తీస్తా. స్క్రూడ్రైవరుతో పెళ్ళగించను. మిగిలిన జిగురు కొబ్బరినూనెతో పోద్ది, థిన్నరు మాత్రం తాకనియ్యను, అది పెయింటుని కూడా తీసుకుపోద్ది. తుప్పు గీకి, ప్రైమరు కొట్టి, రంగేసి, అది బాగా ఆరినాక సుద్ద మచ్చ చూసి చుట్టూ మాస్కింగ్ టేపుతో గీత గీస్తా. మూలలు కోసుగా ఉన్నయ్యంటే గుండ్రంగా కత్తిరిస్తా, లేచేది ముందు అవే. సబ్బునీళ్ళు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు, తర్వాత చెయ్యి తగలకూడదు. మంచి రెండువైపుల టేపుకి 21 నుంచి 38 డిగ్రీల మధ్య అంటించడం సరైన వేడి, మన ఎండాకాలంలో అంటే తెల్లారుజామున, నీడలో. 24 గంటలకి 90 శాతం పట్టు వస్తది, పూర్తి పట్టుకి 72 గంటలు కావాల. ఆ మూడు రోజులూ బండి కడగను, ఎండలో పెట్టను.

కంపెనీ పేరుకి వంకరగా ఉన్నావని చూసినోళ్ళు నవ్వితే నవ్వనీ. ఈసారి ఊడితే మాత్రం నీ స్థానంలో పాత ట్యూబు ముక్క వస్తది.

ఇట్లు,
తమరి పట్టు కోసం ఎదురుచూస్తున్న రెండు మోకాళ్ళ యజమాని