నేర్పకుండానే నిందలా?

మధుమేహ రోగి కాలిపుండు ముదిరి, చివరికి కాలే తీసేయవలసి వచ్చినప్పుడల్లా ఆసుపత్రుల్లో ముందుగా వినిపించే మాట ‘అశ్రద్ధ చేశాడు’ అన్నదే. ఆ అశ్రద్ధ ఎవరిదో ఇకనైనా తేల్చాలి. డిశ్చార్జి చీటీ మీద ఇంగ్లిషులో ‘రెగ్యులర్ డ్రెస్సింగ్’ అని గిలికి పంపడమే తప్ప, పుండును ఇంట్లో ఎలా చూసుకోవాలో ఆ మనిషికి గానీ, రోజూ కట్టు కట్టే ఇల్లాలికి గానీ కూర్చోబెట్టి చెబుతున్నవారు ఎందరు?

నరాలు మొద్దుబారిన పాదానికి నొప్పి తెలియదు కనుక, మానుతోందన్న భ్రమలో అదే కాలితో పొలానికి వెళతారు. వేడినీళ్ల కాపడం పెట్టి బొబ్బలెక్కించుకుంటారు. ఆకుపసరు పూస్తారు. నురగ వస్తేనే శుభ్రపడినట్లని కొందరు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను రోజూ పోస్తారు; అది కొత్తగా పుడుతున్న కండనూ దెబ్బతీస్తుందని వారికి చెప్పేవారుండరు. నిజానికి చెప్పవలసింది బ్రహ్మవిద్యేమీ కాదు. చేతులు సబ్బుతో కడుక్కుని, సెలైన్‌తో పుండును శుభ్రం చేయాలి. ఆ పాదంపై బరువు మోపకూడదు. అరికాలిని అద్దంలో చూసుకోవాలి. చీము, దుర్వాసన, పాకుతున్న ఎరుపు, జ్వరం, నల్లబడుతున్న వేలు, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి రావాలి. ఇంతే.

ఓపీల రద్దీలో వైద్యులకు ఊపిరి సలపడం లేదన్నది నిజమే. కానీ ఈ పని వైద్యులే చేయనక్కరలేదు. స్పర్శ కోల్పోయిన పాదాలను రోజూ పరీక్షించుకోవడం కుష్ఠు రోగులకు నేర్పి, మెత్తని రబ్బరుతో చేసిన ఎంసీఆర్ చెప్పులు ఇస్తున్నది ఈ ప్రభుత్వ వ్యవస్థే. బోదకాలు బాధితులకు టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు ఇచ్చి కాలు కడుక్కునే పద్ధతి చూపుతున్నదీ ఇదే. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ‘ఇండియాబ్’ అధ్యయనం 2023లోనే తేల్చినా, వారి పాదాల విషయంలో మాత్రం నేర్పడం మానేసి నిందించడమే ఆనవాయితీ అయింది. కాలు తొలగించే శస్త్రచికిత్సకు ఆయుష్మాన్ భారత్‌లో ప్యాకేజీ ఉంది. ఆ కాలు నిలబెట్టగల అరగంట బోధనకు తీరిక లేదంటే ఎవరు నమ్మాలి?

రోగి లేదా అతని ఇంటివారు నర్సు ఎదుట స్వయంగా ఒకసారి కట్టు కట్టి చూపేదాకా డిశ్చార్జి చేయకూడదని ఆరోగ్యశాఖ ఆదేశాలివ్వాలి. బొమ్మలతో కూడిన తెలుగు కరపత్రాన్ని చేతికివ్వాలి. అది కూడా చేయలేని ఆసుపత్రులు కేస్ షీటులో ‘అశ్రద్ధ’ అని రాసేటప్పుడు రోగి పేరు పక్కన తమ పేరూ రాసుకోవాలి.