మోతాదుతోపాటు అదనూ ముఖ్యమే

నత్రజని ఎరువు మోతాదు పెంచితే హైబ్రిడ్ మొక్కజొన్న దిగుబడి, లాభం రెండూ పెరుగుతాయని మొక్కజొన్న ఎరువులపై వ్యాసం రాసినవారు చెప్పిన అభిప్రాయం నీటి వసతి ఉన్న యాసంగి పంటకు కొంతవరకు సరిపోతుంది గాని, వర్షాధార వానాకాలం పంటకు అలాగే వర్తించదు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని సుమారు 20 కిలోలే. మోకాలెత్తు పైరుకు యూరియాను పైపాటుగా (నిలిచిన పైరుకు పైనుంచి) వేసిన కొద్ది రోజులకే కుండపోత వానలు పడి నల్లరేగడి చేలో నీరు నిలిస్తే, ఆ నత్రజనిలో కొంత నీటితో కొట్టుకుపోయి, కొంత వాయురూపంలో ఎగిరిపోతుంది. అడుగు ఆకులు కొన నుంచి నడిమి ఈనె వెంబడి పసుపుబారడం (నత్రజని లోపానికి గుర్తు) చూసి, నీరు తీయకముందే మరో బస్తా చల్లితే అది శుద్ధ దండగ.

జల్లు (మగపూత), పీచు (ఆడపూత) వేసే దశలో బెట్ట (నీటి ఎద్దడి) గాని, 35 డిగ్రీలు మించిన వేడిగాని తగిలితే పుప్పొడి దెబ్బతిని, కంకి కొసన గింజ కట్టదు. ఆ లోటును ఏ ఎరువూ పూడ్చలేదు. సబ్సిడీ వల్ల యూరియా చౌకగా దొరుకుతుంది గనుక అదనపు బస్తా భారమనిపించదు, పొటాష్, జింకు మాత్రం వెనకబడతాయి. అందుకే మోతాదులను పోల్చే ప్రతి పట్టికలోనూ ఆ సీజను వర్షపాతం, ఎరువు వేసిన తేదీలు, ఎకరా నికరాదాయం తప్పనిసరిగా ఇవ్వాలని మనవి.