ఫ్రీ త్రో గీత గారికి, ఓడిన జట్టు తాలూకు మనిషి వ్రాయునది

మహారాజశ్రీ ఫ్రీ త్రో గీత గారి దివ్యసముఖమునకు,

నమస్కారాలు. ఇక్కడ మేమెవరం క్షేమంగా లేము. మీరు మాత్రం క్షేమమనే అనుకుంటున్నాను. బాస్కెట్‌బాల్ కోర్టులో, బోర్డుకు 15 అడుగుల దూరంలో, నిగనిగలాడే చెక్క మీద, 12 అడుగుల పొడవున కాళ్లు బారజాపుకుని పడుకున్నారు. మీకేం లోటు?

శనివారం మధ్యాహ్నం మా యూనివర్సిటీ కుర్రాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు కాన్ఫరెన్స్ ఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడిపోయింది. కాన్ఫరెన్స్ అంటే తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు, మాది చిన్నది. గెలిచినవాడికి మార్చిలో జరిగే జాతీయ టోర్నీకి టికెట్టు, ఓడినవాడికి ఇంటికి బస్సు. ఆదివారం సాయంత్రం టీవీలో 68 జట్ల పేర్లు చదువుతుంటే అందులో మాది వస్తుందేమోనని చెవులు రిక్కించే ఆశ కూడా మాలాంటివాళ్లకు ఉండదు. నవంబరు మొదట్లో మొదలైన కథ అంతా మీ దగ్గరికొచ్చి ఆగింది. అందుకే ఈ ఉత్తరం కోచ్‌కి రాయలేదు, రిఫరీకి రాయలేదు, మీకే రాస్తున్నాను.

జరిగింది మీకు తెలుసు. తెలియనట్టు మొహం పెట్టకండి. ఒక పాయింటు ముందున్నాం. టైమైపోతోంది. ఎదుటివాళ్లు గడియారం ఆపడానికి కావాలనే ఫౌల్ చేశారు. ఫౌలైనవాడు మీ వెనక నిలబడి, అడ్డం ఎవరూ లేకుండా బంతి వేయాలి, అదే ఫ్రీ త్రో, పడితే ఒక పాయింటు. అదీ ఎవరిని? మా అయిదుగురిలో మీ ముందుకు రావాలంటే చెమటలు పట్టే పిల్లాణ్ని ఏరి, వెతికి, వెంటపడి మరీ చేశారు. వన్ అండ్ వన్ అన్నారు. మొదటిది పడితేనే రెండోది. ఆడపిల్లల కాలేజీ ఆటలో ఈ తద్దినం 2015లోనే ఎత్తేశారు, డబ్బుకాడే పెద్ద లీగు ఎన్‌బీఏలో లేనే లేదు. మగపిల్లల కాలేజీ ఆటలో మాత్రం తాతల నాటి ఆస్తిలా కాపాడుకొస్తున్నారు. పిల్లాడు బంతిని మూడుసార్లు కొట్టాడు, ఊపిరి పీల్చాడు, వేశాడు. రింగు ముందంచుకు తగిలి బయటికొచ్చింది. బంతి వాళ్ల చేతికెళ్లింది, అటువైపు ఒకటే పరుగు, బజర్ మోగేలోపు బోర్డుకు కొట్టి వేసేశారు. అంతే సంగతులు.

ఇదంతా నేను ఎక్కడ కూర్చుని చూశానో కూడా చెప్పాలి. మా ఊరి తెలుగు సంఘం ఉగాది వేడుక ఆ రోజే పెట్టింది. పండగ గురువారమైనా ఈ దేశంలో మన పండగలన్నీ శనివారమే వస్తాయి కదా. అద్దెకు తీసుకున్న హైస్కూలు జిమ్. బాస్కెట్ రింగుల్ని పైకప్పుకు మడిచి కట్టేసి, కింద మడత కుర్చీలు వేసి, ఒక చివర స్టేజీ కట్టారు. నా కుర్చీ ముందుకాళ్లు రెండూ సరిగ్గా మీ మీదే ఉన్నాయి. మీ తరఫు బంధువులెవరో అయ్యుంటారు. కార్యక్రమాల కాగితం చాటున ఫోను పెట్టుకుని, శబ్దం లేకుండా చూస్తున్నాను. స్టేజీ మీద పంతులుగారు పంచాంగ శ్రవణంలో ఉన్నారు. మేషం, వృషభం అంటూ ఆదాయ వ్యయాలు చదువుకుంటూ నా రాశికి వచ్చేసరికి అక్కడ విజిల్ పడింది. నా రాజపూజ్యం ఎంతో వినలేదు. అవమానం ఎంతో వినక్కర్లేకపోయింది. పరాభవ నామ సంవత్సరం గురువారం దాకా రాదు, మాకు మాత్రం అయిదు రోజులు ముందే డెలివరీ ఇచ్చేశారు.

పక్కనే మా మామయ్యగారు. విజిటర్ వీసా మీద కాకినాడ నుంచి వచ్చి నెలయింది. కాగితం కప్పులో ఉగాది పచ్చడి పట్టుకుని, నా ఫోన్లోకి వంగి చూస్తున్నారు. ఆయన జన్మలో బాస్కెట్‌బాల్ చూడలేదు. వన్ అండ్ వన్ గురించి ఆయనకు నేనేమీ చెప్పలేదు. చూసి చూసి, పచ్చట్లో వేపపువ్వు నోటికి తగిలిందేమో మొహం ఒకలా పెట్టి అడిగారు.

"అడ్డం ఎవరూ లేరు గదండీ అల్లుడుగారూ, మరెందుకు పడలేదూ?"

గీత గారూ, ఆయనకు నేను సమాధానం చెప్పలేకపోయాను. మీరు చెప్పండి. ఆటంతా ఏడడుగుల మనుషులు మొహం మీదకు చేతులు చాపుతుంటే, డొక్కలో మోచేతులు దిగుతుంటే, గాల్లో ఒంటికాలి మీద తిరిగి మూడు పాయింట్లవి వేస్తారు మావాళ్లు. అదే పిల్లాణ్ని మీ ముందు నిలబెట్టి, అందర్నీ పక్కకు జరిపి, గడియారం ఆపి, పది సెకన్లు టైమిచ్చి, నాయనా ఇప్పుడు వెయ్యి అంటే వెయ్యడు. రింగు వెడల్పు 18 అంగుళాలు. బంతి అందులో సగం కంటే కాస్త ఎక్కువ. ఎత్తు మారదు, దూరం మారదు, జిమ్ములో గాలి వీయదు. ఎనిమిదో తరగతిలో ఎక్కడ నిలబడ్డాడో ఇవాళా అక్కడే నిలబడ్డాడు. ఆటలో సిలబస్ మారని పరీక్ష ఏదైనా ఉందంటే అది మీరొక్కరే.

సీజన్లో మాకు వేరే కష్టాలు లేవని కాదు. పోయినేడు మా బంతి నడిపించిన కుర్రాడు కాలేజీ మారేవాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్లో దూరి, ఇప్పుడు వేరే రాష్ట్రంలో వేరే రంగు బనీను వేసుకుని మా మీదే ఆడి పోయాడు. అతని పేరున్న జెర్సీ మావాడికి కొన్నాను, ఇప్పుడది రాత్రి పడుకునే చొక్కా. ప్రతి నాలుగు నిమిషాలకూ టీవీవాళ్ల కోసం ఆట ఆపి పికప్ ట్రక్కులు అమ్ముతారు, సరే భరించాం. కోచ్‌గారు టైమౌట్లన్నీ ముందే ఖర్చుపెట్టుకుని ఆఖర్లో చేతులు కట్టుకుని నుంచుంటారు, అదీ భరించాం. మీతోనే వేగలేకపోతున్నాం.

పోనీ ఇది మా ఒక్కరి దౌర్భాగ్యమా అంటే, కాదు. కాలేజీ ఆటలో పై మెట్టయిన డివిజన్ వన్ మగపిల్లల ఫ్రీ త్రోల సగటు 1960ల నుంచీ నూటికి 70 దగ్గరే అటూ ఇటూ తచ్చాడుతోంది. మనిషి చంద్రుడి మీదకు వెళ్లొచ్చాడు. షాట్ క్లాక్, అంటే బంతి వేయడానికిచ్చే గడువు, 45 సెకన్ల నుంచి 35కి, అక్కణ్నుంచి 30కి దిగింది. వీడియో చూసి లెక్కలు కట్టేవాళ్లు, తిండికొకరు, నిద్రకొకరు వచ్చారు. 2021 నుంచి కుర్రాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చన్నారు, 2025 నుంచి కాలేజీలే నేరుగా డబ్బులివ్వొచ్చన్నారు. మేము వారానికి 20 గంటలు మించకుండా డైనింగ్ హాల్లో గిన్నెలు తోమి మాస్టర్స్ చదివిన క్యాంపస్‌లోనే ఇదంతా. అయినా మీ దగ్గర ఫలితం అదే డెబ్భై. అంత కదలని అంకె ప్రపంచంలో ఇంకోటుంటే చూపించండి.

అసాధ్యమా అంటే అదీ కాదు. 1993 నవంబరులో కాలిఫోర్నియాలో డాక్టర్ టామ్ ఆంబెరీ అనే పెద్దాయన, రిటైరైన పాదాల వైద్యుడు, 71 ఏళ్ల వయసులో మీ ముందు నిలబడి వరసగా 2,750 వేశాడు. పన్నెండు గంటలు పట్టింది. ఆపింది మిస్సయి కాదు, జిమ్ మూసే వేళయిందని. 71 ఏళ్లు! మా మామయ్యగారి ఈడు!

ఇక అసలు విషయానికొస్తాను. నా కడుపుమంట ఇక్కడుంది. మీకు మందు కనిపెట్టి ఎన్నో ఏళ్లయింది. రిక్ బ్యారీ అనే మహానుభావుడు బంతిని రెండు చేతులతో మోకాళ్ల మధ్య పట్టుకుని, వాకిట్లో కళ్ళాపి నీళ్లు విసిరినట్టు కిందనుంచి పైకి వేసేవాడు. ఎన్‌బీఏలో వందకు తొంభై పడ్డాయి. చేతులు రెండూ ఒకేలా కదులుతాయి, బంతి మెత్తగా వెనక్కి తిరుగుతూ రింగు మీద వాలుతుంది, అంచుకు తగిలినా లోపలికే జారుతుంది. ఆయన కొడుకు కాన్యన్ బ్యారీ 2016-17లో ఫ్లోరిడా యూనివర్సిటీకి ఆడుతూ అలాగే వేశాడు. 88 శాతం. మధ్యలో వరసగా 42, ఆ కాలేజీ రికార్డు. అంతకుముందు ఏడు లూయీవిల్ యూనివర్సిటీలో చినాను ఒనువాకు అనే ఆరడుగుల పది అంగుళాల పిల్లాడు అలాగే వేసి, నూటికి 47 దగ్గరున్నవాడు 59కి ఎగబాకాడు.

ఎన్‌బీఏ మహా ఆటగాడు విల్ట్ చాంబర్లేన్ సంగతి అందరికీ తెలిసిందే. 1962 మార్చి 2న హెర్షీ ఊళ్లో ఒకే ఆటలో వంద పాయింట్లు కొట్టిన రోజున 32 ఫ్రీ త్రోల్లో 28 వేశాడు, కిందనుంచే. అంతటివాడు తర్వాత ఆ పద్ధతి మానేశాడు. మళ్లీ మామూలుగా వేసి, మామూలుగా పోగొట్టుకున్నాడు. ఎందుకు మానేశావయ్యా అంటే, అలా వేస్తుంటే ఆడంగితనంగా అనిపించేదని తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు. చేసింది తప్పని తెలుసట. అయినా చెయ్యలేకపోయాడట.

ఇక్కడివాళ్లు దానికి పెట్టిన పేరు అమ్మమ్మ షాటు. సరే, అమ్మమ్మ షాటే. అమ్మమ్మలు వేస్తే పడేది ఈ కుర్రాళ్లకు నామోషీ, మగాడిలా వేసి రింగుకు కొట్టి కాన్ఫరెన్స్ టైటిల్ పోగొట్టుకోవడం మాత్రం దర్జానా? ఎవడు చూస్తాడురా నువ్వు ఎలా వేశావో? మర్నాడు పేపర్లో పడేది పడిందా లేదా అన్న ముక్కే. నలభై శాతం వేసే ఏడడుగుల సెంటర్లని ఏళ్ల తరబడి పైనుంచే వేయిస్తున్న కోచ్‌లకు సిగ్గులేదా? ఒక్కడు, దేశం మొత్తమ్మీద వందల జట్లలో ఒక్క కోచ్, "నా దగ్గర 60 దాటనివాడు కిందనుంచే వేస్తాడు, ఇష్టం లేకపోతే బెంచి మీద కూర్చుంటాడు" అని ఎందుకు అనడు? పిల్లలు నవ్వుతారని! పాతికేళ్లు లేని పిల్లలు నవ్వుతారని అరవై ఏళ్ల మనిషికి భయం!

క్షమించాలి. మీతో మర్యాదగా మాట్లాడదామనే మొదలుపెట్టాను.

2008 గుర్తుందా మీకు? శాన్ ఆంటోనియో. మెంఫిస్ జట్టు సీజన్ మొత్తంలో ఒక్కటే ఓడి మార్చి టోర్నీ ఫైనల్‌కు వచ్చింది. ఫ్రీ త్రోలు బాగా వేయరని ఏడాది పొడుగునా అందరూ అంటూనే ఉన్నారు. కావలసినప్పుడు పడతాయిలే అన్నారు. రెండు నిమిషాల చిల్లర ఉందనగా తొమ్మిది పాయింట్లు ముందున్నారు. ఆఖరి నిమిషం పైచిలుకులో మీ ముందు అయిదు వేస్తే నాలుగు పోయాయి. 2.1 సెకన్లుందనగా కాన్సస్ కుర్రాడు మారియో చామర్స్ మూడు పాయింట్లది వేసి సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో 75-68. తర్వాత ఏవో నిబంధనల గొడవలో మెంఫిస్ ఆ ఏడు గెలిచినవన్నీ కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ రికార్డుల్లోంచి కొట్టేసింది. గెలుపులు చెరిగిపోయాయి. ఆ నాలుగు మిస్సులు మాత్రం ఇప్పటికీ ప్రతి మార్చిలోనూ వేసి వేసి చూపిస్తారు.

అవతలి గోలకు చేతులు వణుకుతాయంటారు కొందరు. అరిజోనా స్టేట్‌లో, అదే మనవాళ్లు బోలెడుమంది చదివే టెంపేలో, 2013 నుంచి రింగు వెనక తెర ఒకటి పెట్టి, ఎదుటివాడు వేసేటప్పుడు టక్కున తీస్తారు. లోపల ఎవడో ఏదో వేషం. 2016లో ఒకసారి ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ మెళ్లో పతకాలు, ఒంటి మీద ఈత చెడ్డీ తప్ప ఏమీ లేకుండా ప్రత్యక్షమయ్యాడు. వేసే పిల్లాడు రెండూ పోగొట్టాడు. పోతాయి మరి, దేవుడు దిగొచ్చినట్టుంటే ఎవడికైనా పోతాయి. మావాడి ముందు ఏముంది? తటస్థ వేదిక, సగం ఖాళీ కుర్చీలు, పాప్‌కార్న్ తింటున్న ఒక తాత.

ఇంత రాసినా నాకు తృప్తి కలగకుండా చేసే విద్య కూడా మీకుంది. 1983-84లో హార్వర్డ్ జట్టు నూటికి 82 చొప్పున వేసి దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ ఏడు మార్చి టోర్నీకి వెళ్లారా? లేదు. 1946 తర్వాత వాళ్లు మళ్లీ ఆ గడప తొక్కింది 2012లో. మిమ్మల్ని అంత భక్తిగా కొలిచినవాళ్లకు మీరిచ్చిన వరం అదీ!

మా పిల్లాడి గురించి ఒక మాట. సీజన్ అయిపోయిన రెండో రోజుకే మా జట్టులో ముగ్గురు పోర్టల్లోకి వెళ్తామన్నారని వాట్సాప్ గ్రూపులో వార్త. ముగ్గురూ మీ దగ్గర నూటికి ఎనభై వేసేవాళ్లే. వాడు మాత్రం ఉంటున్నాడట. ఎవరూ పిలవక ఉంటున్నాడో, ఇష్టమై ఉంటున్నాడో నాకు తెలియదు. రెండో ఏడే ఇంకా. రింగుకు తగిలి తిరిగొచ్చే బంతులకు, అంటే రీబౌండ్లకు, ప్రాణం పెడతాడు, కింద పడ్డవాణ్ని ఏ జట్టువాడైనా చెయ్యిచ్చి లేపుతాడు. మా రూమ్మేట్లంతా వాణ్ని తిట్టాక, ఎవడో ఒకడు "పోన్లేరా, మనోడే కదా" అన్నాడు. ఎవరూ కాదనలేదు.

ఇదే వారం ఆలమ్నై, అంటే పాత విద్యార్థుల, ఆఫీసు నుంచి ఈమెయిలొచ్చింది. అద్భుతమైన సీజన్‌ను మీతో పంచుకున్నందుకు గర్విస్తున్నాం, విరాళమివ్వండి అని. ఏటా ఇచ్చేదే, ఈసారీ ఇచ్చాను. మీ డబ్బు దేనికి వాడాలో రాయండి అని కింద చిన్న గడి ఉంటే, "ఫ్రీ త్రోలు కిందనుంచి వేయడం నేర్పే మనిషి జీతానికి మాత్రమే" అని నింపాను. నిమిషంలో జవాబొచ్చింది. నా ఔదార్యానికి ధన్యవాదాలట. ఆ సొమ్ము కొత్త స్కోరుబోర్డుకు కేటాయించారట.

ఇట్లు,
తమ విధేయుడు కాని,
2009 బ్యాచ్ మాస్టర్స్